పెంటిక దిమ్మెల పట్నం

బేగిమాయ్ నన్ను ఏమనీ పిలిచేది కాదు. అవసరం పడితే వచ్చి ఎదురుగా నిలబడేది, నేను తలెత్తి చూసేదాకా. మరీ తప్పకపోతే "ఇదిగో" అనేది.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లింది మార్చి మొదట్లో. అప్పటికి ఆ పిల్లకి తొమ్మిదేళ్లు, వాళ్లమ్మ పోయి మూడేళ్లు. నాకు ఇరవయ్యారు. అన్నేళ్లు పుట్టింట్లో కూర్చున్నదానికి రెండో పెళ్లివాడే గతి అని మా అట్-బాషీ వైపు ఆడవాళ్లు నా మొహం మీదే అనేవారు. అన్నట్టే అయింది. అయితే ఆయన మంచివాడు. పేరు మాత్రం అడగకండి. మాలో కోడలు భర్త పేరు, అత్తింటి పెద్దల పేర్లు నోటితో అనకూడదు. ఈ రోజుల్లో అన్నా ఎవరూ పట్టించుకోరు గాని, నాకే నోరు పెగలదు. అత్తగారిని మాత్రం ఇంట్లో అందరం ఎనే అని, అంటే పెద్ద తల్లి అని, పిలిచేవాళ్లం, ఆయనా, నేనూ, పిల్లా.

మే ఆఖర్లో ఆయన మందను తోలుకుని కొండల పైకి, వేసవి మేతకు బయలుదేరాడు. సెప్టెంబరుదాకా దిగిరాడు. గుర్రానికి జీను బిగిస్తూ నా వైపు చూడకుండానే చెప్పాడు.

"చోల్పోన్ ఆగస్టు ఆఖరుకి వస్తుందట. పిల్లని బిష్కెక్ తీసుకెళ్లి అక్కడ బళ్లో వేస్తానంటోంది."

చోల్పోన్ అంటే బేగిమాయ్ పిన్ని, పోయినావిడ చెల్లెలు. రాజధానిలో బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది.

"మీరేమన్నారు?"

"పిల్ల ఇష్టం అన్నాను." పట్టెడ ఇంకో రంధ్రం లోపలికి లాగి, "ఇంకా మూడు నెలలుందిలే" అన్నాడు.

ఆ మాట నాతో అన్నాడో గుర్రంతో అన్నాడో గాని నా చెవిలో ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద నాకు మొదట్లో ప్రేమా గీమా ఏమీ లేదు. భయమే ఉండేది. రోజూ పొద్దున్నే గుమ్మంలో కూర్చుని వాళ్లమ్మ దువ్వెనతో తల దువ్వుకునేది. నాలుగు పళ్లు విరిగిన ఎముక దువ్వెన అది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. వెనక పాయ తీసుకోవడం చేతకాక రెండు జడలూ చెరో లావున వచ్చేవి. ఆ వంకర పాయను వెనక నుంచి చూస్తూ చూస్తూ ఏ రోజు మొదలైందో తెలీదు, నాకు గుండె పిండేసినట్టుండేది. ఈ పిల్ల వెళ్లిపోతే ఆ ఇంట్లో నేనెవరినో నాకు తెలియదు. వంట చేసేదాన్ని, ఉన్ని కుట్టేదాన్ని, అంతే. ఆగస్టులోగా ఏదో ఒకటి చేయాలనుకున్నాను. ఏం చేయాలో మాత్రం తెలియదు.

దారి ఆ పిల్లే చూపించింది.

మార్చి చివర నౌరోజ్ పండగ సెలవుల్లో బిష్కెక్ వెళ్లినప్పుడు పిన్ని కొడుకు అజిరెత్ ట్యాబ్‌లో ఏదో ఆట ఆడి వచ్చింది. లోకమంతా నలుచదరపు దిమ్మెలే ఉంటాయట ఆ ఆటలో. మట్టి దిమ్మె, రాయి దిమ్మె, కొయ్య దిమ్మె. తవ్వుకోవడం, పేర్చుకోవడం, కోటలు కట్టుకోవడం. వచ్చిన దగ్గర్నుంచి అదే ధ్యాస. నాతో చెప్పేది కాదు గాని మా కుక్క అక్తోష్‌తో గంటలు గంటలు చెప్పేది. నేను పక్కన ఉన్ని ఏరుతూ వినేదాన్ని. ఆ విధంగా ఆ ఆట గురించి నాకూ కుక్కకూ సమానంగా తెలిసింది.

ట్యాబ్ కొనడం మా తరం కాదు. దాని ధరకు రెండు గొర్రెలు రావచ్చు. ఎనే ఆ మాట వినగానే ముక్కు మీద వేలేసుకుంది.

"ఆటకి డబ్బులా? మా చిన్నప్పుడు గొర్రె మోకాలి ఎముకలతో ఆడేవాళ్లం. గొర్రెని తిన్నాక ఆట ఊరికే వచ్చేది!"

అయినా నేను ఊరుకోలేదు. ఆదివారం సంతకు వెళ్లి, నా పాత టచ్ ఫోను పట్టుకెళ్లి, ఫోన్ల కొట్టువాడి ముందు పెట్టాను. దిమ్మెల ఆట కావాలన్నాను, చవకది.

"అసలుది ఈ ఫోన్లో ఎక్కదక్కా. దానికి తమ్ముడొకడున్నాడు, వేసిస్తా" అన్నాడు. యాభై సోమ్‌లు తీసుకున్నాడు.

ఇంటికి వచ్చి బేగిమాయ్ చేతిలో పెట్టాను. దాని కళ్లు ఒక్కసారి వెలిగాయి. నా గుండె కూడా వెలిగింది. మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో తెర మీద ఎవరో అమ్మాయి ప్రత్యక్షమై తెలియని భాషలో సబ్బు అమ్మడం మొదలుపెట్టింది. ఆవిడ పోయాక అప్పులిస్తానంటూ ఒకాయన వచ్చాడు. ఫోను కాగిన పెనంలా అయింది.

"ఇదిగో" అంది బేగిమాయ్. "ఈ ఆవు చూడు. దీనికి తల వెనక వైపుంది."

నిజమే. ఆవు మేతకు వెళ్తున్నకొద్దీ మేత దూరమైపోతోంది. పాపం ఏం చేస్తుంది. నాకు నవ్వాగలేదు. పిల్ల మూతి కూడా ఒక పక్కకు వంకర పోయింది గాని వెంటనే సర్దుకుంది. ఆ సాయంత్రానికే ఫోను నిండిపోయి ఆట దానంతటదే మాయమైంది.

తరవాత చక్కెర బిళ్లలు. ఒక డబ్బాడు కొని బల్ల మీద పోశాను. నలుచదరంగానే ఉన్నాయి, తెల్లగా ఉన్నాయి. పిల్ల మాట్లాడకుండా కూర్చుని గంటసేపు గోడలు లేపింది, కప్పు వేసింది. ఎనే పొలం నుంచి వచ్చింది. టీ పోసుకుంది. పక్కింటి కోడలు గురించి ఏదో చెబుతూ చెబుతూ చెయ్యి చాపి ఒక బిళ్ల తీసి పంటి కింద పెట్టుకుని టీ చప్పరించింది. ఇంకోటి. ఇంకోటి. మేం చూసేసరికి కప్పంతా ఎనే కడుపులో ఉంది.

"ఏమైంది? ఎందుకట్లా చూస్తారు?" అంది ఎనే. "పెట్టారు కదా అని తిన్నాను!"

బేగిమాయ్ లేచి బయటికి వెళ్లిపోయింది. ఏడుస్తుందేమోనని వెనకే వెళ్లాను. గోడకు ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నన్ను చూసి ఆపేసింది.

జూన్ మొదటి వారంలో కొట్టం తవ్వే పని వచ్చింది. చలికాలమంతా గొర్రెలు లోపలే ఉంటాయి కదా. వాటి పెంటికలు, తొక్కిన గడ్డి, మట్టి అన్నీ కలిసి మే నాటికి నేల మీద మూరెడు మందాన గట్టిపడి ఉంటాయి. దాన్ని పదునైన పారతో నలుచదరంగా కోసి, పెళ్లగించి, ఎండబెట్టి చలికాలానికి పొయ్యిలోకి దాచుకుంటాం. ఆ దిమ్మె మంట ముందు బొగ్గు మంట ఏ పాటి? కోసేటప్పుడు మాత్రం నడుములు పోతాయి, కంపు వారం దాకా ఒంటిని వదలదు.

నేను కోస్తున్నాను. ఎనే లాగి బయట పారేస్తోంది. బేగిమాయ్ గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడింది. పార నాలుగు వైపులా దించి అడుగు నుంచి ఎత్తితే, పక్కలు తెగిన దిమ్మె ఒకటి నీటుగా పైకి లేచింది. పైన పచ్చటి ఎండుగడ్డి పీచు, కింద నల్లగా.

పిల్ల ముక్కు మీంచి చెయ్యి తీసేసింది.

"ఇది అదే" అంది.

"ఏది?"

"మట్టి దిమ్మె. పైన పచ్చగా, కింద నల్లగా. అచ్చం అదే." లోపలికి వచ్చేసింది, చెప్పులతో సహా. "ఇంకోటి తియ్యి."

తీశాను. ఆ రోజు నేను తీసినన్ని దిమ్మెలు ఆ కొట్టంలో ఏ కోడలూ తీసి ఉండదు.

అవి ఎండటానికి మూడు వారాలు పట్టింది. వారానికోసారి తిరగెయ్యాలి. ఏ ఏడూ ఆ పనికి పిల్లని పిలిస్తే పలికేది కాదట. ఆ ఏడు పొద్దున్నే లేచి తనే తిరగేసింది. ఎండాక తేలికైపోతాయి, చిన్నపిల్ల కూడా ఎత్తగలదు. జూన్ ఆఖరికి పెరట్లో పని మొదలైంది. నేను అడక్కుండానే వెళ్లి దిమ్మెలు అందించాను. వద్దనలేదు. "అది కాదు, సగం ముక్కది ఇవ్వు" అంది. నాకు అదే పెద్ద మాట.

ఆటలో నియమం ఒకటుందట. ప్రతి గదిలోనూ ఒక పెట్టె ఉండాలి. పెట్టెలో ఎవరి వస్తువుంటే గది వాళ్లది. ఇది కూడా అక్తోష్‌కే చెప్పింది, నేను విన్నాను. దానికోసం ఖాళీ టీ డబ్బాలు పోగుచేసింది. నాన్న గదిలో విరిగిన కొరడా పిడి. ఎనే గదిలో అంచు పగిలిన టీ గిన్నె. అక్తోష్ గదిలో ఎముక, దాన్ని అక్తోష్ రెండుసార్లు ఎత్తుకుపోయింది. ఆవుకు కూడా ఒక గది కట్టింది, తాడు ముక్క పెట్టి. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నాకు గది లేదు. ఆవుకుంది, నాకు లేదు. అడగటానికి నోరు రాలేదు, అడిగితే చవకైపోతానని.

జులై మొదట్లో ఎనే వచ్చి గోడ చూసింది. చెయ్యి దిమ్మెల మధ్య దూర్చబోతే దూరలేదు. ఒకటి పీకి చూసింది. లోపలి వైపు తెల్లగా బూజు.

"ఎవరు కట్టారే ఇది?" అని గట్టిగా అరిచింది. "ఇంత బిగించి పేరుస్తారా ఎవరైనా? గాలి లేకపోతే కుళ్లిపోదూ? పొయ్యిలో పెడితే పొగే తప్ప మంట వస్తుందా? చలికాలం ఏం తగలేస్తాం, నీ జడలా?"

"ఆటలో ఇలాగే కడతారు" అంది పిల్ల.

"ఆ ఆటలో గాలి లేదా?"

"లేదు."

"అదేం ఊరే తల్లీ!" ఎనే చేతిలో దిమ్మె కింద పెట్టింది. తరవాత తలగుడ్డ బిగించింది. "తియ్యి. అంతా తియ్యి. దిమ్మెకీ దిమ్మెకీ మధ్య పిడికిలి పట్టాలి. నీ పిడికిలి కాదు, నాది."

ఆ రోజు నుంచి బోర్లించిన బకెట్టు మీద ఎనే కూర్చుంది, పెత్తనం మొదలైంది. తొలి మూడు రోజులు తిట్టింది. నాలుగో రోజు, "ఇంత పట్నం కట్టి గొర్రెలకి కొట్టం లేకపోతే ఎట్లా? మీ పట్నంలో జనం ఏం తింటారు, గాలా?" అంది. ఆరో రోజు వంతెన కావాలంది. పొద్దున పాలు పిండటానికి ముందే బకెట్టు ఎక్కి కూర్చునేది, చివరికి పాలు పిండటానికి ఆ బకెట్టు కోసం నేను వెతుక్కోవలసి వచ్చేది. పక్కింటి బుర్మా గోడ మీంచి చూసి, "మీ ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి మతి పోయిందా?" అని అడిగింది. "నీ గుడిసె కంటే మా వంటిల్లు పెద్దది, లోపలికి వస్తావా?" అంది ఎనే.

ఆ వారంలోనే నా అంగుస్తాను, కుట్టేటప్పుడు సూది దిగకుండా వేలికి పెట్టుకునే తొడుగు, పోయింది. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్నవి ఒక పెట్టె, రెండు బొంతలు, మా అమ్మ ఇత్తడి అంగుస్తాను. నేల తివాచీకి ఉన్ని పలకలు కలిపి కుట్టాలంటే అది లేకుండా కుదరదు, సూది లావు, ఉన్ని మందం. ఇల్లంతా వెతికాను. కోడి మింగిందేమోనని ఎనే రెండు కోళ్లను అనుమానించింది. కొత్తది కొన్నాను, అది వేలికి వదులు. ఆ వేసవంతా చూపుడు వేలు తూట్లు పడింది. అమ్మ వస్తువు ఒక్కటి నిలుపుకోలేకపోయానే అని నాలో నేనే తిట్టుకున్నాను.

రెండు రోజులకు అన్నిటికంటే లోపలి గది పూర్తయింది. అది వాళ్లమ్మది. ఎవరూ చెప్పలేదు, నాకు తెలిసిపోయింది. బేగిమాయ్ ఒక డబ్బా, ఎముక దువ్వెన పట్టుకుని పాక్కుంటూ లోపలికి వెళ్లింది. చాలాసేపటికి వట్టి చేతులతో వచ్చింది. "మూసెయ్యాలి" అంది. పోప్లర్ చెట్టు కర్రలు అడ్డం వేసి ఆ గది కప్పు నేనే పేర్చాను, ఒక్కో దిమ్మె మధ్య ఎనే పిడికిలంత ఖాళీ వదులుతూ. వాన దిగకుండా పైన పచ్చి పేడ అలికాను. నా చేత్తో నేను ఆవిడకి ఇల్లు కప్పుతున్నాననిపించింది. ఏడుపొచ్చింది, పేడ చేతులతో కళ్లు తుడుచుకోలేక అలాగే వదిలేశాను.

మర్నాడు పొద్దున బేగిమాయ్ ఎనే దువ్వెన పట్టుకొచ్చి నా ముందు నిలబడింది. నేను తలెత్తాను. వీపు తిప్పి కూర్చుంది.

"పాయ తియ్యి" అంది.

నేను తీసినంత నిటారు పాయ ఆ కొండల్లో ఎవరూ తీసి ఉండరు.

అంతా బాగుందనుకున్నాను. ఆగస్టు రెండో వారంలో బుద్ధి తక్కువ పని చేసింది నేనే. పట్నం ఫొటో తీసి చోల్పోన్‌కు పంపాను. గొప్ప కోసమే పంపాను, ఎందుకు దాచాలి? చూడు, మీ ట్యాబ్ లేకపోయినా మా పిల్లకి ఇక్కడ ఏం తక్కువ అని. రెండు రోజులకు మా కొండ చాటు ఊరికి సిగ్నల్ దొరికి జవాబు వచ్చింది. అజిరెత్ గొంతు. పిల్ల చెవి దగ్గర పెట్టుకుని విన్నది, పక్కనే ఉన్న నాకూ వినిపించింది.

"పేడతోనా కట్టారు? ఛీ! కంపు కొట్టదూ? పేడ రాణీ!" తరవాత నవ్వు, వాడిదీ, వాడి స్నేహితులదీ.

మళ్లీ పెట్టుకుని విన్నది. ఫోను నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. ఆ తరవాత పెరటివైపు పోలేదు. ఎనే బకెట్టు మీద ఒక్కతే కూర్చుని ఎదురుచూసింది మూడు రోజులు. నాలుగో రోజు బకెట్టు పాలకు తిరిగి వచ్చింది.

"పిన్ని ఎప్పుడొస్తుంది?" అని అడిగింది బేగిమాయ్. ఏదైనా నన్ను అడగటం అదే మొదటిసారి.

"ఇంకో పది రోజులకి" అన్నాను.

చోల్పోన్ వచ్చింది. నేను ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా ఆవిడ కారు దిగగానే నీరుకారిపోయింది. సన్నగా, అలిసిపోయి, మా వేళ్లలాగే సూది తూట్లున్న వేళ్లతో ఉంది. "అక్కకి మాటిచ్చాను" అని నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెడ్డదానివని కాదు. అక్కకి మాటిచ్చాను." పాత ట్యాబ్ ఒకటి తెచ్చింది, మూల పగిలింది, బేగిమాయ్ కోసం.

ఆయన మందను తోటి కాపరికి అప్పగించి రెండు రోజులకని కొండ దిగి వచ్చాడు. అందరం తివాచీ చుట్టూ కూర్చున్నాం. రొట్టె, మీగడ, టీ. రొట్టె ఎవరూ తుంచలేదు.

"నీ ఇష్టం అమ్మా" అన్నాడు ఆయన కూతురితో.

పిల్ల నా వైపు చూసింది. ఉండు అని నేనొక్క మాట అనుంటే? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనడానికి నేనెవరిని? బళ్లు అక్కడ బాగుంటాయి, పిన్ని సొంత రక్తం. నేను తల దించుకుని ఎనే గిన్నెలో టీ పోశాను. గిన్నె పొంగిపోయింది.

"వెళ్తాను" అంది బేగిమాయ్.

సంచి నేనే సర్దాను. అరలో వెతుకుతూ, "దువ్వెన పెట్టుకోవా?" అని అడిగాను.

"అది ఉన్నచోట ఉంది" అంది.

కారు తలుపు వేశాక అద్దం దించింది. ఏదైనా అంటుందేమోనని దగ్గరికి పరిగెత్తాను.

"తూర్పు గోడ ముందు తియ్యకండి" అంది. "వంతెన కూలిపోతుంది."

అంతే అంది.

అక్టోబరులో పొయ్యి వెలిగించాం. దిమ్మెలు కావాలి, పెరట్లో పట్నం తప్ప వేరే గుట్ట లేదు. ఎనే చాలాసేపు నిలబడి చూసి, "ఎక్కణ్నుంచి తియ్యాలే?" అంది. ఇద్దరికీ తెలీదు. ఆదివారం చోల్పోన్ నంబరుకు ఫోన్ చేశాను.

"ఆవు గది ముందు" అంది బేగిమాయ్ అవతల నుంచి. "తరవాత కొట్టం. పై వరస నుంచి తియ్యాలి, రెండు పక్కలా సమానంగా."

మర్నాడు ఆవు గదిని తగలేశాం. నేను లేని పట్నంలో మొదట పోయింది ఆవు అని నాకు లోపల కాస్త తృప్తి కూడా కలిగింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోను. "ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. వంతెన దించాం, మీ నాన్న గది సగమైంది, కొరడా పిడి తీసి మీ నాన్నకే ఇచ్చాను, దాన్ని జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. అక్కడి సంగతులు అడిగితే బడి బాగుంది, అన్నం బాగుంది అనేది. ఒకసారి మాత్రం తనంతట తనే చెప్పింది.

"ఈ ట్యాబ్ ఆటలో కూడా మన పట్నం కట్టాను. కానీ ఇందులో కింది దిమ్మె తీసేసినా పైది పడదు. గాల్లో అలాగే ఉంటుంది. పిచ్చి ఆట."

"మరి ఎవరింట్లో పొయ్యి వెలిగిస్తారు?" అని వెనక నుంచి ఎనే అరిచింది.

"ఎవరూ వెలిగించరు ఎనే. చలి ఉండదు."

"అదేం ఊరే తల్లీ" అంది ఎనే. ఈసారి కళ్లు తుడుచుకుంటూ అంది.

జనవరి ఆఖరికి లోపలి గది ఒక్కటే మిగిలింది. తెల్లటి పెరట్లో ఒంటరిగా, నా పేడ అలుకు మీద మంచు కప్పుకుని. దాని జోలికి ఎవరం పోలేదు. బొగ్గు కొన్నాం. ఫిబ్రవరిలో తుపాను మంచు పడి దారి మూసుకుపోయింది, బొగ్గు బండి రాలేదు, ఉన్న బొగ్గు అయిపోయింది. రెండు రోజులు విరిగిన కంచె కర్రలు కాల్చాం. మూడో రోజు పొద్దున్నే ఎనే దగ్గు చూసి నేనే బయటికి నడిచాను.

"నేను చెయ్యి వెయ్యను" అంది ఎనే. "కప్పు వేసింది నువ్వు. నువ్వే తియ్యి."

దండం పెట్టుకుని పై వరస తీశాను. కర్రలు జరిపాను. ఎనే పిడికిలి ఎంత పని చేసిందో, లోపల చుక్క తడి లేదు. మూల టీ డబ్బా ఉంది. తెరవకుండా దాచాలనే తీశాను, నిజంగా. అయితే చేతికి ఎత్తగానే అందులో ఏదో గలగలమంది. ఎముక దువ్వెన అలా మోగదు.

మూత తీశాను. అడుగున నా తివాచీలోంచి పోయిన ఎర్ర ఉన్ని ముక్క పరిచి ఉంది. దాని మీద దువ్వెన. దువ్వెన పక్కన మా అమ్మ ఇత్తడి అంగుస్తాను.

నేను మంచులో ఎంతసేపు కూర్చున్నానో. ఆ గది కప్పు వేసింది జులై మధ్యలో. అప్పటికి ఆ పిల్ల నా చేత జడ కూడా వేయించుకోలేదు. నాకు గది లేదని నేను వేసవంతా కుమిలింది, ఆ గది కప్పు మీదే మోకాళ్లేసి కూర్చుని.

ఆదివారం దాకా ఆగటం ఎంత కష్టమైందో చెప్పలేను. ఫోను రెండోసారి మోగగానే ఎత్తింది.

"ఎంతవరకు వచ్చింది?"

"మీ అమ్మ గదికి."

అవతల అజిరెత్ ఏదో అరుస్తున్నాడు, తలుపు వేసిన చప్పుడైంది.

"బొగ్గు అయిపోయింది తల్లీ. ఎనేకి దగ్గు పట్టుకుంది. ఏమీ అనుకోకు."

"తడిసిందా?"

"లేదు. రెండూ బాగానే ఉన్నాయి."

ఊపిరి వినిపిస్తోంది. దానిదో నాదో.

"నీ వేలికి సూది దిగుతోందని ఎనే అప్పట్లోనే అంది" అంది బేగిమాయ్. "చెబుదామనుకున్నా. అప్పటికే కప్పేశావు."

"చెబితే తీసేదాన్నిగా!"

"అందుకే చెప్పలేదు."

నేను అంగుస్తానును పిడికిట్లో బిగించాను.

"సరే, ఇప్పుడు పెట్టుకో" అంది. "కానీ మేలో కొట్టం నేనొచ్చేదాకా తవ్వకండి. గది కట్టేటప్పుడు మళ్లీ ఇచ్చెయ్యాలి."

మేలో వచ్చింది, పగిలిన ట్యాబ్‌ను అజిరెత్‌కే వదిలేసి. వచ్చిన రోజే పార పట్టుకుంది. ఆగస్టు ఆఖరున చోల్పోన్ వచ్చి నాలుగు రోజులుండి, ఒక గోడ తనూ పేర్చి, దువ్వెన గది ముందు కాసేపు కూర్చుని, ఒక్కతే వెళ్లింది. సంచి సర్దమని ఎవరూ నాకు చెప్పలేదు. బేగిమాయ్ నన్ను అమ్మ అని పిలిచిందా అని అందరూ అడుగుతారు. లేదు. ఇప్పటికీ "ఇదిగో" అనే అంటుంది, పై చదువులకు నరిన్ వెళ్లిన పిల్ల, ఫోనులో కూడా. మా ఇంట్లో ఆ మాటకు పలికేది నేనొక్కదాన్నే.

అంగుస్తాను మాత్రం పదేళ్లపాటు ప్రతి జులైలో ఇచ్చేశాను. ప్రతి ఫిబ్రవరిలో బూడిద దులుపుకుని మళ్లీ వేలికి పెట్టుకున్నాను. మధ్యలో ఆ ఏడు నెలలూ నా వేలు తూట్లు పడుతూనే ఉండేది, వేలికి సరిపడే ఇంకో అంగుస్తాను కొనుక్కోవచ్చు కదా అని బుర్మా అంటూనే ఉండేది. నేను కొనలేదు.